ఆరు ఆడ ఫైటర్ చేపల సీనియారిటీ జాబితా

చల్లా దక్షిణామూర్తి జీవితంలో చప్పట్లు కొట్టించుకున్నది ఒక్కసారే. అందుకు ఆయన ఇప్పటికీ సిగ్గుపడుతూనే ఉన్నాడు.

ఆయన కాకినాడలో జిల్లా సౌహార్ద సమన్వయ కార్యాలయంలో సూపరింటెండెంటు. ఆ కార్యాలయం ఏం చేస్తుందని అడక్కండి. మిగతా కార్యాలయాలు ఒకదానితో ఒకటి తగవులాడుకోకుండా చూస్తుందని బోర్డు మీద రాసి ఉంది. చూడడం వరకూ చూసేది, అందులో అనుమానం లేదు. ఇరవై రెండు కుర్చీలున్న పెద్ద హాలు, హాలు చివర అద్దాల గది, అద్దాల గదిలో జాయింట్ డైరెక్టర్ కృపానందం గారు. ఆయన కళ్ళజోడు ఎత్తితే చాలు, ఇరవై రెండు తలకాయలూ కనిపిస్తాయి. అందరికన్నా ముందు కనిపించే తలకాయ దక్షిణామూర్తిది.

ఇరవై ఏడేళ్ళుగా ఆయన ఆ అద్దానికి ఎదురుగానే కూర్చున్నాడు. చెవి గోక్కోవాలన్నా ఫైలు అడ్డం పెట్టుకోవాలి. ఆవలింత వస్తే దగ్గుగా మార్చుకోవాలి. మధ్యాహ్నం పెరుగన్నం తింటూంటే అద్దంలోంచి ఎవరో మెతుకులు లెక్కపెడుతున్నట్టు ఉండేది. అందుకే ఆయనకి ఈ ప్రపంచంలో ఒక్కటే కోరిక మిగిలింది. మెట్ల పక్కన పరిపాలనాధికారి గది ఒకటుంది. దానికి టేకు తలుపు, తలుపుకి లోపలివైపు ఇత్తడి గడియ. ఆ పోస్టు ఖాళీ అయింది. రిటైరు కావడానికి ఇంకా పద్నాలుగు నెలలుంది. ఆ ప్రమోషన్ వస్తే పెరిగే జీతం ఎంతో కూడా ఆయన కనుక్కోలేదు. ఆయనకి కావలసింది ఆ గడియ.

ఇక చప్పట్ల సంగతి. రాజమండ్రిలో ప్రాంతీయ సమీక్షా సమావేశం జరిగింది. సిబ్బందిలో కలహాలు పెరిగిపోతున్నాయని, ఫ్యాను ఎవరి వైపు తిరగాలన్న విషయం మీదే నెలకి పదహారు ఫిర్యాదులు వస్తున్నాయని డైరెక్టర్ గారు బాధపడి, సూచనలు అడిగారు. ఎవరూ లేవలేదు. లేచినవాడికి ఆ పని అప్పగిస్తారని అందరికీ తెలుసు. దక్షిణామూర్తికి కూడా తెలుసు. అయినా కాళ్ళు వాటంతటవే లేచి నిలబడ్డాయి.

"సార్, నేను ఇంట్లో ఫైటర్ చేపని పెంచుతున్నానండి. ఫైటర్లలో మగవి రెండుంటే చచ్చేదాకా కొట్టుకుంటాయండి. అదే ఆడవైతే, అయిదారు ఒకే తొట్టెలో కలిసి బతుకుతాయండి."

డైరెక్టర్ గారు కళ్ళు మూసుకుని, తెరిచి, చప్పట్లు కొట్టారు. ఆయన కొడితే హాలంతా కొట్టింది. కృపానందం గారు అందరికన్నా ఆలస్యంగా మొదలుపెట్టి అందరికన్నా ఆలస్యంగా ఆపారు.

నిజానికి ఆ మాటకి రెండో సగం ఉంది. చేపలమ్మిన జిలానీ రెండు సగాలూ చెప్పాడు. రెండో సగం దక్షిణామూర్తి నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అంతలో సమోసాలు వచ్చాయి. సమోసాల వల్లే చెప్పలేకపోయానని ఆయన తనకి తాను చెప్పుకున్నాడు, చాలాసార్లు చెప్పుకున్నాడు.

నెల తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. పేరు సోదరీ జలాశయ పథకం.

"ప్రతి కార్యాలయమందును నాలుగడుగుల గాజు తొట్టె నొకదానిని నెలకొల్పి, అందు ఆరు ఆడ ఫైటర్ చేపలనుంచి, వాటి సామరస్యమును సిబ్బంది యావన్మందియు ప్రతిదినము ఉదయం పదిన్నర గంటలకు అయిదు నిమిషములు వీక్షించి స్ఫూర్తి పొందవలెను" అని మొదలైంది అది. పారదర్శకత దృష్ట్యా తొట్టెలో మొక్కలు, రాళ్ళు, కుండలు వగైరా చాటు కల్పించే వస్తువులేవీ ఉండకూడదు. ప్రతి చేపా కొత్త ఉద్యోగిలాగే విధిగా చేరిక నివేదిక మీద చేరాలి. ఒకే రోజు రెండు చేపలు చేరితే సీనియారిటీ తగాదాలు తలెత్తే అవకాశం ఉంది కాబట్టి రోజుకి ఒక చేప చొప్పున, ఉదయం పూటే చేరాలి. మేత సీనియారిటీ ప్రకారం వేయాలి. సంఘర్షణల సంఖ్య సున్నా అని వారం వారం నివేదిక పంపాలి. చివరి పేరాలో, ఉత్తమ తొట్టెగా ఎంపికైన కార్యాలయపు చేపల బాధ్యుని పేరు పదోన్నతికి ప్రత్యేకంగా పరిశీలిస్తామని ఉంది.

కృపానందం గారు దక్షిణామూర్తిని అద్దాల గదిలోకి పిలిచి, లేచి నిలబడి చెయ్యి కలిపారు. అది ఇరవై ఏడేళ్ళలో మొదటిసారి.

"దక్షిణామూర్తి గారూ, రాష్ట్రమంతా మన మాట మీద నడుస్తోందండీ. చేపల బాధ్యత మీరే తీసుకోవాలి. పరిపాలనాధికారి గదికి సున్నం కూడా వేయిస్తున్నాను."

"అలాగేనండి. కానీ సార్, చేపలకి సీనియారిటీ ఎందుకండీ?"

కృపానందం గారు జాలిగా చూశారు. "సీనియారిటీ లేనిచోట సామరస్యం ఎలా వస్తుందండీ? ఎవరి ముందు ఎవరు నోరు మూసుకోవాలో తెలియాలి కదా."

ఆ మాట దక్షిణామూర్తికి చాలా సబబుగా తోచింది. తోచిందని ఇప్పుడు చెప్పుకోవాలంటే ఆయనకి ఒళ్ళు మండుతుంది.

జిలానీ కొట్టు మెయిన్ రోడ్డు దాటాక సందులో ఉంటుంది. సర్క్యులర్ నకలు రెండుసార్లు చదివించుకుని జిలానీ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"సార్ గారూ, ఆ రోజు మీకు చెప్పాను కదండీ. ఆడవి కలిసి బతుకుతాయి, నిజమే. కానీ వాటిలోనూ పోట్లాటలుంటాయి. తొట్టె నిండా మొక్కలుండాలి, దాక్కోడానికి దేనికది చోటు ఉండాలి. అన్నిటినీ ఒకేసారి వదలాలి, ముందొచ్చింది ఇదంతా నాదే అనుకోకుండా. అప్పుడు కూడా రోజూ కనిపెట్టి ఉండాలి, ఒకటి మరీ చెలరేగితే తీసి వేరే పెట్టాలి. ఇందులో ఏ ఒక్కటీ లేదేంటండీ?"

"సమోసాలు వచ్చాయి జిలానీ."

"ఏంటండీ?"

"ఏం లేదు. రోజుకొకటి ఇవ్వు. బిల్లు మీద ఉదయం అని రాయి."

మొదటి చేప సోమవారం ఉదయం చేరింది. ముదురు ఎరుపు రంగు. నాలుగడుగుల తొట్టెలో ఈ చివర నుంచి ఆ చివరకి, చాటు అన్నది లేని నీళ్ళలో, ఒంటరిగా పచార్లు చేసింది. సాయంత్రానికి అదంతా తనదేనని దానికి నమ్మకం కుదిరింది. మంగళవారం రెండోది వచ్చేసరికి మొప్పలు పొంగించి, రెక్కలు విప్పి, ఎదురెళ్ళి తోక కొరికింది. హాలులో కొందరు సిబ్బంది ఆ దృశ్యం చూసి నిజంగానే స్ఫూర్తి పొందారు.

"ఏటండీ ఇది?" అంది వీరవేణి. వీరవేణి ఆ ఆఫీసులో అటెండరు, ఊరు ఉప్పాడ, పుట్టింది పెరిగింది చేపల మధ్య. "ఒక్కోదాన్నీ తెచ్చి దాని నోటికాడ పెడుతున్నారేటండీ సూపరెంటు గారూ?"

"చేరిక నివేదిక వీరవేణమ్మా. నీకు తెలీదు."

"నాకు తెలీదండి. దానికి తెలిసిపోయిందండి."

ఆరోది శనివారం చేరింది. తేనె రంగులో, మిగతావాటిలో సగం ఉంది. కృపానందం గారు దాన్ని చూసి "జూనియర్ మోస్టా?" అని అడిగి, అవునంటే తల ఊపి వెళ్ళిపోయారు. చేరిన గంటకి అది గాలి మోటారు పక్కన మూలకి వెళ్ళిపోయి, ఒంటి మీద నిలువునా చారలు తేలి, కదలకుండా ఉండిపోయింది. దక్షిణామూర్తి ఈ ఆఫీసుకి రాకముందు, తను గుమాస్తాగా చేరిన మొదటి ఏడాది మరుగుదొడ్డి తలుపు పక్కన వేసిన కుర్చీ గుర్తుచేసుకున్నాడు. ఆ తలుపు తెరిచినప్పుడల్లా మోకాలికి తగిలేది. గుర్తొచ్చి కాసేపు తొట్టె దగ్గరే నిలబడ్డాడు. తర్వాత వెళ్ళి "సంఘర్షణలు: సున్నా" అని రాసి సంతకం చేశాడు.

ఈ చేపల ఇబ్బంది ఏమిటంటే, అవి నీళ్ళలోనే బతికినా మధ్యమధ్య పైకి వచ్చి ఒక గుక్క గాలి మింగాలి. ఒకటో చేప ఆ సంగతి కనిపెట్టింది. అది పైనే కాపలా తిరిగేది. ఏ చేప పైకి వచ్చినా సీనియారిటీ గుర్తుచేసేది. పెద్దవి ఎలాగో తప్పించుకుని గుక్క మింగి పోయేవి. తేనె రంగుది మాత్రం మూడుసార్లు బయల్దేరితే రెండుసార్లు తోక కొరికించుకుని వెనక్కి పోయేది.

రెండో వారానికి మూడో చేప చచ్చి తేలింది. కృపానందం గారు దీర్ఘంగా ఆలోచించి, అది స్వచ్ఛంద పదవీ విరమణ చేసినట్టు రాయించారు. వీరవేణి దాన్ని ఆవరణలో నాటుబాదం చెట్టు కింద పూడ్చింది. ఖాళీలో కొత్త చేపని భర్తీ చేశారు. అది కొత్తగా చేరింది కాబట్టి జాబితాలో కిందికి వెళ్ళాలి, తేనె రంగు చేప ఒక మెట్టు పైకి రావాలి. వచ్చింది కూడా, కాగితం మీద అయిదో నంబరయింది. తోక మాత్రం సగమే మిగిలింది.

మిగతా జిల్లాల నుంచి కూడా నివేదికలు వాట్సాప్ గుంపులో వచ్చి పడుతున్నాయి. అన్నిచోట్లా సున్నా. ఒక కార్యాలయం వారి చేపలు ఎప్పుడు ఫోటో తీసినా అదే భంగిమలో, అదే చోట, ఎంతో అన్యోన్యంగా ఉండేవి. అవి ప్లాస్టిక్ చేపలని రెండో వారంలోనే అందరికీ తెలిసిపోయింది. సామరస్యంలో వాళ్ళే మొదటి స్థానంలో ఉన్నారు.

"మనం వెనకబడకూడదండీ. ఒకటో చేప మీద చర్య తీసుకోవాలి" అన్నారు కృపానందం గారు.

"తీసి వేరే సీసాలో పెడదామండి" అన్నాడు దక్షిణామూర్తి, జిలానీ మాట గుర్తొచ్చి.

"విచారణ లేకుండానా? సహజన్యాయం ఏమవుతుందండీ? ముందు మెమో ఇవ్వండి."

ఇచ్చాడు. చెప్పొద్దూ, మెమోలు రాయడంలో దక్షిణామూర్తికి జిల్లాలో మంచి పేరుంది. "తమరు రెక్కలు విప్పి, మొప్పలు పొంగించి, తోటివారిని బెదిరించుటయేగాక, జూనియరగు సహోద్యోగిని తోకను కొరికినట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చియున్నది. ఈ ప్రవర్తన తమ హోదాకు తగదు. తమపై ఏల చర్య తీసుకొనరాదో ఏడు దినములలోగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను." రాసి, చదువుకుని, "హోదాకు తగదు" అన్న చోట ఆయనే ముచ్చటపడ్డాడు. టైపిస్టు ఎస్తేరు దాన్ని కంప్యూటర్లో కొట్టి, ముందు ముందు పనికొస్తుందని నమూనాగా దాచిపెట్టింది. చేప చదువుకోవడానికి వీలుగా కాగితాన్ని లోపలివైపుకి తిప్పి గాజుకి అంటించమని కృపానందం గారు సూచించారు. తెల్ల కాగితం మీద తన నీడ చూసుకుని ఒకటో చేప ఏడు రోజులూ దానితో యుద్ధం చేసింది. ఆ ఏడు రోజులే తొట్టెలో కొంచెం శాంతి ఉంది.

ఎనిమిదో రోజు కాగితం తీసేశారు. సంజాయిషీ రాలేదు కాబట్టి చెప్పుకోవడానికి ఏమీ లేదని భావించి, మేతలో ఒక మెట్టు తగ్గిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. ఆ ఉత్తర్వును అమలు జరపడం ఎలాగో ఎవరికీ తెలియలేదు. రెండో చేపకి వేసిన మేత ఒకటో చేపే తింది. ఆ తర్వాత ఇంకో రెండు చేపలు స్వచ్ఛంద పదవీ విరమణ చేశాయి.

ఒక ఉదయం దక్షిణామూర్తి వచ్చేసరికి తొట్టెలో ఎండిన బాదం ఆకు ఒకటి తేలుతూ ఉంది. అరచెయ్యంత ఆకు, ఎర్రగా, అంచు వంగి ఉంది. దాని కింద తేనె రంగు చేప. ఒంటి మీద చారలు లేవు. ఆకు అంచు పక్కగా మూతి పెట్టి గుక్క మింగి, మళ్ళీ కిందికి దూరింది. ఒకటో చేప రెండుసార్లు అటు వచ్చి, కనబడక, వెళ్ళిపోయింది.

"నేనే ఏశానండి" అంది వీరవేణి. "కడిగి ఏశాను. చేపకి చాటు కావాలండి. మనిషికే కావాలి, చేపకి వద్దా?"

దక్షిణామూర్తి రోజూలాగే పదిన్నరకి ఫోటో తీసి పంపాడు. పది నలభైకి పైనుంచి సందేశం వచ్చింది. "తొట్టెయందు చాటు వస్తువు కనబడుచున్నది. పారదర్శకతకు భంగకరము. తక్షణము తొలగించి ఫోటో పంపవలెను."

అద్దం వెనక కృపానందం గారు కళ్ళజోడు ఎత్తారు. మెట్ల పక్కన గదిలోంచి సున్నం వాసన వస్తోంది. దక్షిణామూర్తి చొక్కా చెయ్యి మడుచుకుని, తన చేత్తోనే ఆకు తీసేశాడు. కింద ఉన్న చేప ఒక్క క్షణం ఎటు పోవాలో తెలియక అక్కడక్కడే తిరిగింది. తర్వాత మోటారు మూలకి పోయింది. చారలు మళ్ళీ తేలాయి. ఆయన ఫోటో తీశాడు.

ఆ సాయంత్రం ఇంట్లో భార్య లలితాంబ కాఫీ ఇచ్చి, "ఏవండీ, గది ఎప్పుడిస్తారట?" అని అడిగింది.

"తనిఖీ అయ్యాక."

"అలా ఉన్నారేం? వద్దంటున్నారా ఏంటి?"

"ఆకు తీసేశాను లలితా" అన్నాడు ఆయన.

లలితాంబకి ఏమీ అర్థం కాలేదు. ఆయన టేబుల్ మీద సీసాలో ఉన్న మగ ఫైటర్ వైపు చూడలేకపోయాడు.

తనిఖీకి డైరెక్టర్ గారే వచ్చారు. గుమ్మానికి బంతిపూలు, తొట్టెకి జరీ రిబ్బను. సిబ్బంది అంతా వరసలో నిలబడ్డారు, సీనియారిటీ ప్రకారమే. డైరెక్టర్ గారి ముందు స్టూలు మీద మంచినీళ్ళ గాజు గ్లాసు, ఉత్తమ తొట్టె ప్రశంసాపత్రం, దాని కింద పదోన్నతి సిఫారసు, రెండింటి మీదా సంతకానికి ఖాళీ.

"ప్లాస్టిక్ చేపల విషయం మా దృష్టికి వచ్చింది" అన్నారు డైరెక్టర్ గారు. "సామరస్యంలో వారికి తిరుగులేదు. కానీ సజీవ చేపల విభాగంలో మీదే మొదటి స్థానం. ఈ ఆలోచనకు మూలపురుషుడు కూడా ఇక్కడే ఉన్నాడు. ఏరీ దక్షిణామూర్తి గారు?"

దక్షిణామూర్తి ఒక అడుగు ముందుకు వేశాడు.

"చూడండి, ఎంత ప్రశాంతత! ఆ ఎర్ర చేప నాయకత్వ పటిమ చూడండి. ఆ మూలనున్న చిన్నది కదలడం లేదేం?"

"ఆత్మపరిశీలనలో ఉందండి" అన్నారు కృపానందం గారు.

డైరెక్టర్ గారు కలం తీశారు. అప్పుడే తేనె రంగు చేప పైకి బయల్దేరింది. తోక మిగల్లేదు కాబట్టి ఈదడం లేదు, ఎగబాకుతోంది. సగం దూరం వచ్చింది. ఒకటో చేప వచ్చి పొడిచింది. కిందికి జారింది. డైరెక్టర్ గారు ప్రశంసాపత్రం మీద తారీఖు వేస్తున్నారు. అది మళ్ళీ బయల్దేరింది. మళ్ళీ జారింది. ఈసారి పక్కకి ఒరిగి, అడుగున పడి, మొప్పలు మాత్రం ఆడిస్తూ ఉండిపోయింది. వరసలో చివర నిలబడ్డ వీరవేణి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

సంతకం మొదటి అక్షరం పడింది. దక్షిణామూర్తి ఆ అక్షరం వైపు చూశాడు. మెట్ల పక్కన గది, టేకు తలుపు, ఇత్తడి గడియ, అన్నీ ఆ కలం మొనలో ఉన్నాయి. ఇంకో నాలుగు క్షణాలు ఊరుకుంటే చాలు. ఇరవై ఏడేళ్ళు ఊరుకున్నవాడికి నాలుగు క్షణాలు ఒక లెక్క కాదు.

ఆయన స్టూలు మీద గ్లాసు తీసుకుని, అందులో నీళ్ళు నేల మీద పారబోసి, చేతిగడియారంతో సహా మోచెయ్యి దాకా తొట్టెలో పెట్టాడు. తొట్టె నీళ్ళతో పాటు ఆ చేపని గ్లాసులోకి తోడాడు. జరీ రిబ్బను తడిసి ఊడిపడింది. గ్లాసులో నీళ్ళు నాలుగు వేళ్ళ లోతే ఉన్నాయి. చేప మూతి ఎత్తి ఒక గుక్క మింగింది. తర్వాత ఇంకో గుక్క.

"ఏమిటిది?" అన్నారు డైరెక్టర్ గారు.

"సార్, ఆ రోజు నేను సగం మాటే చెప్పానండి." దక్షిణామూర్తి గ్లాసుని రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఆడవి కలిసి బతుకుతాయండి, దాక్కోడానికి చోటుంటే. మొక్కలుంటే. అన్నిటినీ ఒకేసారి వదిలితే. అయినా కొట్టుకుంటే విడదీసే మనిషి ఉంటే. ఇవన్నీ నాకు ముందే తెలుసండి. ఇక్కడ ఇప్పటికి మూడు చచ్చిపోయాయండి. సున్నా అని రాసింది నేనేనండి."

హాలులో ఫ్యాను ఎవరి వైపు తిరుగుతోందో కూడా ఎవరూ చూడలేదు.

"ఆ రెండో సగం ఆ రోజే చెప్పవచ్చునే" అన్నారు డైరెక్టర్ గారు, చాలా నెమ్మదిగా.

సమోసాలు అన్న మాట దక్షిణామూర్తి నాలుక మీదికి వచ్చేసింది. నెలల తరబడి అలవాటైన మాట. ఆయన దాన్ని మింగేశాడు.

"తమరు చప్పట్లు కొట్టారండి. నాకు అంతకుముందు ఎవరూ కొట్టలేదు. రెండో సగం చెబితే ఆపేస్తారని చెప్పలేదండి."

డైరెక్టర్ గారు కలానికి మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు. ఆ ఒక్క అక్షరం ప్రశంసాపత్రం మీద అలాగే మిగిలిపోయింది.

మర్నాడు దక్షిణామూర్తికి మెమో వచ్చింది. కృపానందం గారు తొందరలో ఉన్నారు, ఎస్తేరు ఇంకా తొందరలో ఉంది. కంప్యూటర్లో ఉన్న నమూనాకి పేరు మాత్రం మార్చింది. ఆయన నిలబడే చదివాడు. "తమరు రెక్కలు విప్పి, మొప్పలు పొంగించి, తోటివారిని బెదిరించుటయేగాక, జూనియరగు సహోద్యోగిని తోకను కొరికినట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చియున్నది." కింద కృపానందం గారి సంతకం, ముద్ర.

దక్షిణామూర్తికి నవ్వొచ్చింది. ఫైలు అడ్డం పెట్టుకోకుండా, అద్దానికి ఎదురుగానే, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. కృపానందం గారు కళ్ళజోడు ఎత్తారు. అయినా ఆగలేదు.

ఎస్తేరు పరిగెత్తుకొచ్చింది. "సార్, సారీ సార్, పొరపాటైపోయింది. మార్చి ఇస్తానండి."

"వద్దమ్మా. ఆ తోక కొరకడంలో నా చెయ్యి ఉంది. ఉండనీ."

ఆయన కూడా ఒకటో చేపలాగే సంజాయిషీ ఇవ్వలేదు. ఏడు రోజుల తర్వాత చెప్పుకోవడానికి ఏమీ లేదని భావించారు. పదోన్నతి జాబితాలోంచి పేరు తీసేశారు. రిటైరయ్యేదాకా వెనకవైపు రికార్డు గదిలో వేశారు. ఎవరికీ కనపడకుండా కూర్చోవడమే ఆ శిక్ష ఉద్దేశమని ఉత్తర్వులో స్పష్టంగా రాశారు. ఉత్తమ తొట్టె బహుమతి ప్లాస్టిక్ చేపలకి వెళ్ళింది. సర్క్యులర్‌కి సవరణ కూడా వచ్చింది: "అనుభవజ్ఞుల సూచన మేరకు" ఇకనుంచి ప్రతి తొట్టెలోనూ ఆరు మట్టికుండలు ఉంచాలి, వాటిని చేపలకి సీనియారిటీ ప్రకారం కేటాయించాలి. ఆ కేటాయింపు మీద అభ్యంతరాలు పదిహేను రోజుల్లోగా తెలపాలి.

వీరవేణి మాత్రం ఏ అభ్యంతరానికీ ఆగలేదు. ఒకటో చేపని బకెట్లో జిలానీ కొట్టుకి పంపేసి, తొట్టె నిండా నాచుమొక్కలు వేసింది. ఫోటోలో కుండలు కనపడుతున్నాయి కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు.

రికార్డు గదిలో కప్పు దాకా ఫైళ్ళ బీరువాలు, వాటి మధ్య ఒక కుర్చీ, బల్ల. కిటికీలోంచి బాదం చెట్టు కనపడుతుంది. మొదటి రోజు దక్షిణామూర్తి తలుపు వేసి చూస్తే, లోపలివైపు గడియ ఉంది. ఇత్తడిది కాదు. తుప్పు పట్టిన ఇనప గడియ. రెండుసార్లు కొట్టి లాగితే పడింది.

బల్ల మీద వెడల్పాటి పచ్చడి సీసా పెట్టాడు. అందులో తేనె రంగు చేప, పైన ఒక ఎండిన బాదం ఆకు. తోక అంచున గోరు కత్తిరించినంత, అద్దంలా పల్చగా, కొత్త పొర వచ్చింది. ఆయన చెవి గోక్కున్నాడు. నోరారా ఆవలించాడు. క్యారియర్ విప్పి పెరుగన్నం తిన్నాడు.

చేప ఆకు కిందనుంచి బయటికి వచ్చింది. అటూ ఇటూ చూసుకుంది. నింపాదిగా పైకి వచ్చి, ఒక గుక్క గాలి మింగి, ఎవరూ కొరక్కపోయేసరికి ఇంకో గుక్క మింగి, కిందికి వెళ్ళింది.

దక్షిణామూర్తి చప్పట్లు కొట్టబోయి, ఎవరైనా చూస్తారేమోనని అలవాటుగా ఆగాడు. గడియ వేసే ఉందని గుర్తొచ్చింది. రెండు చేతులూ ఎత్తి గట్టిగా కొట్టాడు.